మన చిన్న కారుకు పెద్ద చక్రాలు



ఈ వారం ధ్యానము కారు చక్రాల గురించి. నవ్వుకునేవారు నవ్వుకోండి, పరవాలేదు. క్రిస్మస్ పండుగ దాటిన దగ్గర నుంచి మన యవ్వనస్థుల కూడికలో ప్రార్థన అయిపోగానే నడిచిన చర్చ ఇదే. సంఘం కారుకు అల్లాయ్ చక్రాలు వేయించాలా వద్దా, వేయిస్తే ఎన్ని అంగుళాలవి అని. ఈ ఒక్క మాట మీద రెండు ఆదివారాలు కొందరు ఒకరికొకరు వందనం కూడా చెప్పుకోలేదు. అందుచేత ఇది చిన్న సంగతి అని మేము అనుకోము. సంఘములో మనసులు విడిపోవడానికి పెద్ద సిద్ధాంతాలే అక్కర్లేదు. ఒక్కోసారి నాలుగు చక్రాలు చాలు.

దూరాన ఉన్నవారికి ముందు కారు సంగతి చెప్పాలి. మనది ఆల్టో 800. కొన్ననాడే పాత బండి. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, పవర్ స్టీరింగ్ లేదు. మీరందరూ తలా కొంత వేసిన కానుకలతో కొన్నది. ఆదివారం నడవలేని వృద్ధులను ఆరాధనకు తెస్తుంది. పరీక్షల కాలంలో పిల్లలను సెంటరుకు చేరుస్తుంది. నొప్పులు మొదలైన ఆడబిడ్డలను అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజులూ ఉన్నాయి. అన్నిటికంటె ముఖ్యంగా మంగళవారం, శనివారం మన సంఘంలోని ఒక తల్లిని డయాలసిస్‌కు గుంటూరు తీసుకెళ్లి తీసుకొస్తుంది. మన దారి మీకు తెలిసిందే. నల్లరేగడి నేల మీద వేసిన రోడ్డు ఏటా వానకు కుంగుతుంది, మిర్చి ట్రాక్టర్లు తిరిగే కాలంలో ఇంకా గుంతలు పడుతుంది. ఊరూరికీ రెండేసి స్పీడ్ బ్రేకర్లు.

ఈ కారు టైర్లు అరిగిపోయాయి. టైరు పక్కగోడ మీద చిన్న గుడ్డు ఆకారంలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. మన టైర్ల మీద 1817 అని ఉంది. అంటే 2017వ సంవత్సరం 18వ వారంలో తయారైనవి. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు రోడ్డు మీదకు రాకూడదని నిబంధన. గాడుల మధ్య ఆ కొలతకు సరిగ్గా చిన్న దిమ్మెలు పోసి ఉంచుతారు. మన ముందు టైర్లు ఆ దిమ్మెలను తాకాయి. మార్చక తప్పదు.

అప్పుడు, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మన సంఘపు తమ్ముడు ఒకడు సెలవు మీద వచ్చి, ఆ ఖర్చంతా తనదేనని అన్నాడు. ఉత్త టైర్లు కాదు, 14 అంగుళాల అల్లాయ్ చక్రాలు, వాటికి తగిన వెడల్పు టైర్లు వేయిస్తానన్నాడు. ఫోన్‌లో బొమ్మ కూడా చూపించాడు. నల్లరంగు, అంచున వెండి మెరుపు. పిల్లలందరూ ఆ ఫోన్ చుట్టూ మూగారు.

ఈ తమ్ముడు మూడేళ్లపాటు మందిరపు గడప తొక్కలేదు. తండ్రి పోయిన తర్వాత దేవుని మీద అలిగాడు. ఈ మధ్యనే మళ్లీ పాటలు పాడుతున్నాడు. అతని తల్లి ఉపవాస ప్రార్థనలో కార్చిన కన్నీళ్లు మనమందరం చూశాము. ఇప్పుడు అతను తన మొదటి బోనస్ డబ్బును చేతిలో పట్టుకొని దేవుని ఇంటికి వచ్చాడు. ఆ చేతిని వెనక్కి నెట్టితే ఏమవుతుందో అని మా ఇంట్లో ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నెట్టకుండా ఆ చక్రాలు వేయిస్తే, మంగళవారం వెనుక సీట్లో కూర్చునే తల్లికి ఏమవుతుందో అన్నది రెండో భయం.

సంఘ పెద్దల సమావేశంలో ఒక పెద్దాయన కోపగించుకున్నారు. "ఇది సంఘం కారా, సినిమా కారా? రేపు పాటల పెట్టె కూడా బిగిస్తావా?" అన్నారు. లోకాశ అన్నారు, గర్వం అన్నారు. ఆ తమ్ముడు తల దించుకునే ఉన్నాడు గాని చివరికి ఒక్క మాట అన్నాడు.

"అయ్యగారూ, పోయిన వేసవిలో మన అక్క పెళ్లికి ఇదే కారు తీసుకెళ్లాం. మగపెళ్లివారి వీధిలో పిల్లలు అగ్గిపెట్టె వచ్చిందిరోయ్ అని వెంటపడి నవ్వారు. అక్క కారు దిగలేక కూర్చుంది. నాకు కావాల్సింది గొప్ప కాదు అయ్యగారూ. మనవాళ్లు దిగినప్పుడు ఎవడూ నవ్వకూడదు."

ఆ మాటతో ఎవరూ మాట్లాడలేదు. కోపగించుకున్న పెద్దాయనే ముందుగా కండువాతో ముఖం తుడుచుకున్నారు. ఎందుకో మనకు తెలుసు. ఆ తరం వారు ఊరి వీధిలో చెప్పులు చేతబట్టుకొని నడిచారు. సైకిలు ఉన్నా దిగి నెట్టుకుంటూ పోయారు. మన పేటలోకి మన పేరుమీద కారు రావడం అన్నది ఆయన కళ్లముందు జరిగిన అద్భుతం. కాబట్టి, ప్రియులారా, అలంకారం అనగానే లోకాశ అని తీర్పు చెప్పేయకూడదని మేము ఆ రాత్రి అనుకున్నాము. ఒక్కొక్కరి కోరిక వెనుక ఒక్కొక్క గాయం ఉంటుంది. గాయాన్ని చూడకుండా కోరికను కొట్టేస్తే మనిషి పోతాడు, కోరిక మాత్రం మిగిలిపోతుంది.

పైగా లేఖనము అందమైన చక్రాలను తప్పుపట్టలేదు. మొదటి రాజుల గ్రంథము ఏడవ అధ్యాయంలో సొలొమోను కట్టించిన మందిరపు సామగ్రి వివరం ఉంది. తూరు పట్టణం నుంచి పిలిపించిన హీరాము, నీటి తొట్టెలను మోయడానికి ఇత్తడితో పది బండ్లవంటివి చేశాడు. ఒక్కొక్కటి నాలుగు మూరల పొడుగు, నాలుగు మూరల వెడల్పు, మూడు మూరల ఎత్తు. ఒక్కొక్కదానికి నాలుగు చక్రాలు. ఇరుసులు, అంచులు, ఆకులు, నడిమి కుండలు అన్నీ పోతపోసినవే. పలకల మీద సింహాలు, ఎద్దులు, కెరూబులు చెక్కారు. ఇత్తడి కూడా మిశ్రమ లోహమే కదా. అంటే దేవుని మందిరంలో నీళ్లు మోసినవి పోతపోసిన మిశ్రమ లోహపు చక్రాలే! ఈ సంగతి మేము యవ్వనస్థుల కూడికలో చెప్పినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు.

అయితే అదే అధ్యాయంలో ఇంకొక సంగతి ఉంది. ఆ చక్రం ఎత్తు ఎంతో కూడా రాసి ఉంది. మూరన్నర. పది బండ్లకూ ఒకే కొలత, ఒకే పోత. అందం ఇష్టం వచ్చినట్టు చెక్కనిచ్చారు గాని కొలతను మాత్రం ఇష్టానికి వదలలేదు. చక్రం మోసేది నీళ్ల తొట్టెను. కొలత ఆ తొట్టెను బట్టి వచ్చింది.

కాబట్టి మనము కూడా కొలతలు చూద్దాం అన్నాము. ఇది తెలిస్తే మీ ఇంటి కారుకు కూడా పనికొస్తుంది, కొంచెం ఓపికగా చదవండి.

మన కారు టైరు మీద 145/80 ఆర్12 అని ఉంది. 145 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం అని. అది 116 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్ కట్టుబడి. 12 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాలలో. అడుగున ఒక పక్కగోడ, పైన ఒక పక్కగోడ, నడుమ రిమ్ము కలిపితే చక్రం మొత్తం ఎత్తు సుమారు 537 మిల్లీమీటర్లు. తమ్ముడు చూపించిన టైరు 165/65 ఆర్14. అదే లెక్క కడితే సుమారు 570. తేడా 33 మిల్లీమీటర్లు. రెండు వేళ్ల మందం. శాతంలో ఆరు దాటుతుంది.

రెండు వేళ్ల మందానికి ఇంత గొడవా అని అడగవచ్చు. ఆ రెండు వేళ్లు ఏమి చేస్తాయో చూడండి.

చక్రం ఒక్క చుట్టు తిరిగితే కారు పదిన్నర సెంటీమీటర్లు ఎక్కువ దూరం పోతుంది. ఈ సంగతి మీటరుకు తెలియదు. అది చుట్లను మాత్రమే లెక్కపెడుతుంది, ఒక్కో చుట్టుకు ఎంత దూరమో పాత లెక్కనే నమ్ముతుంది. మీటరు 60 చూపిస్తున్నప్పుడు కారు దాదాపు 64లో పోతుంటుంది. 80 చూపిస్తే 85. ఇక ఇంజను బలం నేలకు చేరేటప్పుడు ఆ ఆరు శాతం తగ్గుతుంది. ఐదుగురితో కాలువ వంతెన ఎక్కేటప్పుడు మూడు సిలిండర్ల చిన్న ఇంజనుకు అది బాగా తెలుస్తుంది. బ్రేకు కూడా అంతే. కాలి ఒత్తిడి అదే అయినా, చక్రం పెద్దదైన కొద్దీ నేలమీద పడే పట్టు ఆ మేరకు సన్నగిల్లుతుంది. వెడల్పు టైరు నేలను ఎక్కువగా అదుముకుంటుంది గనుక పవర్ స్టీరింగ్ లేని బండిని తిప్పడానికి భుజాలు నొప్పిపుడతాయి. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది.

ఇంకొకటి, చోటు. చక్రం పైన ఉన్న ఖాళీ కారును చేసినవారు ఊరికే వదిలింది కాదు. బరువు పడ్డప్పుడు, గుంతలో దిగినప్పుడు చక్రం పైకి లేవడానికి వదిలిన చోటు అది. ఒక్కరు కూర్చొని షాపు ముందు నడిపి చూస్తే ఏ టైరూ రాసుకోదు. వెనుక ముగ్గురు కూర్చొని, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు తెలుస్తుంది. అప్పుడు టైరు లోపలి లైనరును కోసుకుంటుంది. కొందరు చక్రాన్ని బయటికి జరపడానికి మధ్యలో బిళ్లలు వేస్తారు. అప్పుడు బరువు బేరింగు మీద పడే చోటు మారి, బేరింగు త్వరగా అరుగుతుంది. ఇంకొందరు మడ్‌గార్డు అంచు వంచేస్తారు. చక్రాన్ని బండికి సరిపెట్టడం మాని బండిని చక్రానికి సరిపెట్టడం మొదలవుతుంది.

లోహం సంగతి కూడా చెప్పాలి. మామూలు చక్రం ఉక్కు రేకును అదిమి చేసింది. గుంతలో పడితే వంగుతుంది, దారిలో మేస్త్రీ సుత్తితో కొట్టి సరిచేస్తాడు. అల్లాయ్ చక్రం అల్యూమినియంలో కొంత సిలికాన్ వంటివి కలిపి పోతపోసింది. చూడ్డానికి బాగుంటుంది, వేడిని త్వరగా వదులుతుంది. అదే కొలతలో మంచిది తీసుకుంటే తేలికగానూ ఉండవచ్చు. కాని గట్టి దెబ్బకు పగులుతుంది. పగిలినదాన్ని అతికించి వాడటం ప్రాణాపాయం. కొలత పెంచితే తేలిక అన్న మాట కూడా నిలబడదు. పెద్ద అల్లాయ్ చక్రం చిన్న ఉక్కు చక్రం కంటె బరువు తూగవచ్చు.

ఈ లెక్కలన్నీ తమ్ముడికి మేము చెప్పగలిగేవాళ్లమే. కాని చెప్పలేదు. అప్పటికే పెద్దల నోట చాలా విన్నాడు. "నాయనా, నీ సెలవు అయ్యేలోపు మంగళవారం ట్రిప్పు ఒకటి నువ్వే నడుపు" అని మాత్రం అడిగాము. సరేనన్నాడు.

ఉదయం ఐదింటికి బయలుదేరారు. వెనుక సీట్లో ఆ తల్లి, పక్కన ఆమె కోడలు. డయాలసిస్ చేయించుకునేవారికి ఒక చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టి ఉంచుతారు. ఆ చేతికి దెబ్బ తగలకూడదు, బరువు పడకూడదు. ఆమె దారంతా ఆ చేతిని ఒడిలో రెండో చేత్తో కప్పుకొని కూర్చుంటుంది. పోయేటప్పుడు పరవాలేదు. నాలుగు గంటలు మిషను మీద ఉండి తిరిగి వచ్చేటప్పుడు రక్తపోటు పడిపోయి, కళ్లు తిరుగుతూ ఉంటాయి. ఒక్కో కుదుపుకు "యేసయ్యా" అంటుంది. గట్టిగా కాదు, తనలో తాను అనుకున్నట్టు. ఆ రోజు తమ్ముడు ఆ పిలుపులను దారంతా విన్నాడు. దూరంగా ఉండి కారును చూసేవాడికి చక్రం కనబడుతుంది. స్టీరింగు పట్టుకున్నవాడికి వెనుక సీటు వినబడుతుంది.

సాయంత్రం మా ఇంటికి వచ్చి అమ్మగారు ఇచ్చిన టీ తాగుతూ, "అయ్యగారూ, పక్కగోడ ఎంత ఎత్తుంటే అంత మెత్తగా ఉంటుంది కదా?" అని అతనే అడిగాడు. ఫోన్‌లో రిమ్ముల బొమ్మలు మూసేసి లెక్కల పేజీ తెరిచాడు. మేము అతనితో కలిసి కాగితం మీద కూడికలు వేశాము.

దావీదు గుర్తొచ్చాడు మాకు. గొల్యాతు మీదికి పోయే ముందు సౌలు తన కవచాన్ని, శిరస్త్రాణాన్ని అతనికి తొడిగించాడు. సౌలు ఇచ్చినది చెడ్డది కాదు, రాజు కవచం అది. ఇచ్చిన మనసు కూడా ఆ క్షణాన మంచిదే. దావీదు దాన్ని తొడుక్కొని నడిచి చూశాడు. అలవాటు లేదని తెలిసి తీసి పక్కన పెట్టాడు. విసిరికొట్టలేదు, వెక్కిరించలేదు. ఆ తర్వాత ఉత్త చేతులతోనూ పోలేదు. వాగులో వెదకి తన వడిసెలకు సరిపోయే ఐదు నున్నని రాళ్లు ఏరుకున్నాడు. దేవుడు సైన్యమంతటి ముందు ఘనపరచింది ఆ సరిపోయిన రాయినే. చిన్నచూపు చూసిన గొల్యాతు నోరు మూయించింది కూడా అదే.

తర్వాతి సోమవారం తమ్ముడు, మేము, సంఘ పెద్దలు నలుగురు పట్టణంలో టైర్ల షాపుకు పోయాము. షాపతను బాగా తెలిసినవాడు. 13 అంగుళాల అల్లాయ్ చక్రాలకు రెండు టైర్లు పక్కపక్కన పెట్టాడు. ఒకటి 155/65. ఆల్టో కె10కు కంపెనీయే ఈ కొలత ఇచ్చింది. మొత్తం ఎత్తు మన పాత టైరుకంటె ఐదు మిల్లీమీటర్లే తక్కువ, కాని పక్కగోడ 116 నుంచి 101కి పడిపోతుంది. రెండోది 155/70. పాతదానికంటె పది మిల్లీమీటర్లు ఎక్కువ, అంటే రెండు శాతం లోపలే. పక్కగోడ 108కి పైనే. బరువు మోసే అంకె పాత టైరు మీద 74, అంటే 375 కిలోలు. ఈ టైరు మీద 75, అంటే 387 కిలోలు. తమ్ముడు రెండో టైరు మీద చెయ్యి పెట్టాడు. "వెనుక సీటుకు ఇదే మంచిది" అన్నాడు.

"పాస్టర్ గారూ, ఊరికే బిగించను, నిండు బండితో చూడాలి" అన్నాడు షాపతను. బరువు ఎక్కడిది? సంఘ పెద్దలే బరువు! సినిమా కారా అని కోపగించిన పెద్దాయన వెనుక సీటు మధ్యలో, అటొకరు ఇటొకరు, ముందు ఒకరు. తమ్ముడు స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ షాపు ముందున్న మిట్ట ఎక్కించి దించాడు. షాపతను పక్కన నడుస్తూ చెవిపెట్టి విన్నాడు. ఎక్కడా రాసుకోలేదు. పెద్దాయన దిగి, టార్చిలైటు అడిగి, నాలుగు చక్రాల పైన వంగి చూసి, "రాయలేదురా అబ్బాయ్, బిగించమను" అన్నారు. అంతే. రెండు ఆదివారాల మౌనం ఆ మాటతో తీరింది.

బిగించే ముందు తమ్ముడు ఇంకొకటి అడిగాడు. "స్టెప్నీ సంగతేంటి?" చాలామంది నాలుగు చక్రాలు మార్చి స్టెప్నీని పాత కొలతలోనే వదిలేస్తారు. దారిలో పంక్చరు పడితే ముందు ఒకవైపు పెద్ద చక్రం, ఒకవైపు చిన్న చక్రం. కారు ఒక పక్కకు లాగుతుంది, లోపల గేర్లు అరుగుతాయి. అర్ధరాత్రి ఆసుపత్రికి పోయే బండికి అది పనికిరాదు. అందుకని ఐదో చక్రం కూడా అదే కొలతలో, మామూలు ఉక్కు రిమ్ము మీద తీసుకున్నాడు. అతను మొదట అనుకున్న 14 అంగుళాల సెట్టు ధరలోనే అన్నీ వచ్చాయి. దావీదు కూడా ఐదు రాళ్లు ఏరుకొని ఒక్కటే వాడాడు, మిగతా నాలుగు సంచిలోనే ఉన్నాయని మేము అంటే షాపతను కూడా నవ్వాడు.

మన పిల్లల్లో చాలామందికి సొంత కార్లు వచ్చాయి, దేవునికి స్తోత్రము. చక్రాలు మార్చాలనుకునేవారికి నాలుగు మాటలు. మొదటిది, మొత్తం ఎత్తు పాతదానికి రెండు మూడు శాతం దాటకుండా చూసుకోండి. కొన్ని కార్లకు కంపెనీయే రెండు కొలతలు ఇస్తుంది. స్విఫ్ట్‌లో కింది రకానికి 165/80 ఆర్14, పై రకానికి 185/65 ఆర్15 వచ్చేవి. రిమ్ము ఒక అంగుళం పెరిగింది, మొత్తం ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్లు. పెంచడం తెలిసినవారు అలా పెంచుతారు. రెండవది, బోల్టుల సంఖ్య, ఆ రంధ్రాల వలయం, నడిమి రంధ్రం, చక్రం లోపలికి బయటికి కూర్చునే కొలత నాలుగూ కలవాలి. దగ్గరగా ఉంది సర్దుకుంటుంది అన్నవాడిని నమ్మకండి. మూడవది, అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు చేయించండి, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగింపించండి. నాల్గవది, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలకు, కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. కాబట్టి బీమావారికి ముందే తెలియజేసి జవాబు కాగితం మీద తీసుకోండి. మేము అలాగే తీసుకున్న తర్వాతే బిగింపించాము.

ఇప్పుడు, ప్రియులారా, చక్రాలు పక్కన పెట్టి మన సంగతి చూసుకుందాం.

పౌలు రోమా సంఘానికి రాస్తూ, దేవుడు ఒక్కొక్కరికి విశ్వాసాన్ని ఒక కొలతలో పంచి ఇచ్చాడని, దానికి మించి తమను ఎంచుకోవద్దని హెచ్చరించాడు. కొలత అనగానే మనకు తక్కువ చేసినట్టు అనిపిస్తుంది. చిన్న కారుకు చిన్న చక్రం ఇచ్చినవాడు దాన్ని అవమానించలేదు. ఆ ఇంజను లాగగలిగినంత, ఆ బ్రేకు ఆపగలిగినంత ఇచ్చాడు. మన తండ్రి కూడా అంతే. ఆయన ఇచ్చిన కొలతలో ఆయన ప్రేమే ఉంది.

మన ఇళ్లలో ఎన్ని చక్రాలు కొలత దాటి బిగిస్తున్నామో చూడండి. ఎకరం తాకట్టు పెట్టి చేసిన పెళ్లి పందిరి. పక్క ఊరి మందిరాన్ని చూసి, మన మందిరంలో నలభైమందికి నాలుగు వందల మందికి సరిపోయే సౌండ్ బాక్సులు. ఇంటర్ చదివే బిడ్డ మీద తండ్రి తీరని కోరికంత బరువు. అన్నిటి వెనుకా ఒకే భయం, ఎవరైనా నవ్వుతారేమో అని. అప్పుడు జరిగేది మీటరు సంగతే. బయట చక్రం పెద్దదైంది, లోపలి మీటరు పాత లెక్కలోనే ఉంది. మనం 60లో పోతున్నామనుకుంటాము, నిజానికి ఇంకా వేగంగా పోతుంటాము. అప్పు పెరిగే వేగం, కోపం పెరిగే వేగం, ప్రార్థన తగ్గే వేగం మన మీటరులో కనబడదు. ఆపాల్సి వచ్చిన రోజున బ్రేకు చాలదు.

అలాగని, పెద్దలారా, మీతో కూడా ఒక మాట. వద్దు అనడం తేలిక. మన పిల్లలు అవమానం మోసుకొని మన దగ్గరికి వస్తే, గర్వమని పేరుపెట్టి పంపేయకండి. వారికి ఒక మంగళవారం ఇవ్వండి. స్టీరింగు వారి చేతికిచ్చి, వెనుక సీట్లో ఎవరున్నారో విననివ్వండి. వాక్యము తెలిసిన మనసుకు బరువు తెలిస్తే కొలత అదే తెలుస్తుంది. మీరు మాత్రం వెనుక సీట్లో కూర్చొని బరువుగా సాయపడటానికి సిద్ధంగా ఉండండి.

యవ్వనస్థులారా, నవ్వేవారి నోరు మూయడానికి మీ జీవితం ఖర్చుపెట్టకండి. ఈసారి ఏ వీధిలోనైనా మన కారు దిగేటప్పుడు, అది ఎవరిని మోస్తుందో తెలుసుకొని తలెత్తి దిగండి. అందంగా ఉండండి, తప్పులేదు. మోసేదాన్ని మరచిపోని అందం దేవునికి ఇష్టమే, ఆయన మందిరపు చక్రాలే సాక్ష్యం.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, మాకు నీవిచ్చిన కొలతను బట్టి స్తోత్రము. నవ్వులపాలైన మా బిడ్డల గాయములను నీ చేతితో తాకి స్వస్థపరచుము. ఇచ్చే చేతులను నొప్పించకుండా అందుకొనే జ్ఞానము మాకు దయచేయుము. మంగళవారములు, శనివారములు ఆ దారిలో ప్రయాణించే నీ కుమార్తెను, ఆమె చేతిని, ఆమె ఊపిరిని కాపాడుము. బండి నడిపే ప్రతి బిడ్డకు మెలకువనిమ్ము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.